ఇసకపల్లి ఉప్పు, హాలే మాట

పుస్తకాలకు పరిచయాలు చాలా రాశాను. అచ్చు కాని పుస్తకానికి, అచ్చు కావాలనే ఆలోచన కూడా లేని పుస్తకానికి రాయడం ఇదే మొదలు. ఇది మా అక్క కూతురి లాంగ్ నోట్‌బుక్. అట్ట మీద పేరు లేదు. రబ్బరు బ్యాండు వేసి ఉంటుంది. లోపల పదకొండు రోజుల ప్రయాణం ఉంది. జనవరి 1 రాత్రి చెన్నైలో విమానం ఎక్కడం, 12న తిరిగి దిగడం, భోగిమంట నాటికి సొంతూరు ఇసకపల్లిలో ఇంటి ముందు నిలబడటం. పోయేది జర్మనీకి. పోయే పని ఒక్కటే, జర్మన్ మాట్లాడటం.

అమ్మాయి నెల్లూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. నాలుగేళ్ల కిందట డ్యూటీలకు అటూ ఇటూ జర్మన్ మొదలుపెట్టింది. అక్కడ నర్సుగా చేరాలంటే మామూలుగా బి2 స్థాయి అడుగుతారు. తను ఇప్పటికి బి1 దాకా వచ్చింది. ఆ పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు, ఒక్కోదానికి 100 మార్కులు, 60 వస్తే గట్టెక్కినట్టు. అన్నీ గట్టెక్కింది. ఆ సంగతి చెప్పేటప్పుడు మొహంలో సంతోషం లేదేందని అడిగితే తను చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది: "మాట్లాడే పరీక్షలో నా పక్కన కూర్చుంది తమిళమ్మాయి మామా. ఇద్దరం కలిసి ఏదో ఒకటి ప్లాన్ చెయ్యాలి, అదే ప్రశ్న. ఆ అమ్మాయికి నేను జర్మన్‌లో చెప్పా, నాకు ఆ అమ్మాయి చెప్పింది. జర్మన్ మనిషితో మాత్రం ఇంతవరకూ ఒక్క పూట మాట్లాడింది లేదు."

నాకు కాశీ గుర్తొచ్చింది. నేను హిందీ పరీక్షలు వరసగా రాసి సర్టిఫికెట్లు తెచ్చుకున్నవాణ్ణి. కాశీలో దిగి, ఆటో అతను రెండు మాటలు గబగబా అనేసరికి నోరు పెగల్లేదు. నాకు వ్యాకరణం తెలుసు, మాటలు తెలుసు. తెలియనిదల్లా ఎదుటిమనిషి ముందు నిలబడి, అతని వేగానికి నా వేగం కలపడం. దాన్ని పుస్తకంలో నేర్చుకోలేం. అందుకే ఈ అమ్మాయి తయారుచేసుకున్న పుస్తకం నాకు అబ్బురంగా తోచింది. పుస్తకం దేన్ని ఇవ్వలేదో అక్కడికి పోయే దారిని పుస్తకంలో కట్టింది.

ముందు దాని కట్టుబడి చెప్తాను. ఒక్కో రోజుకు ఎదురెదురు పేజీలు రెండు. ఎడమవైపు పేజీలో గంటలు, ఊళ్లు, రైళ్లు, ఎవరైనా రాసుకునేవే. పనితనమంతా కుడిపేజీలో ఉంది. దాన్ని అడ్డగీతలతో మూడు భాగాలు చేసింది. పైన ఆ రోజు తను అనితీరాల్సిన ఒక్క వాక్యం. మధ్యలో దానికి ఎదుటివాళ్లు అనగలిగిన జవాబులు మూడు, ఒక్కోదానికి తను తిరిగి చెప్పాల్సింది. కింద, సగం పేజీ ఖాళీ. ఆ ఖాళీకి మాత్రం పెన్సిలుతో చుట్టూ గీత గీసి పెట్టింది. నిజంగా వాళ్లేమన్నారో రాత్రికి రాసుకోవడానికి.

ఆ ఖాళీ దగ్గర నేను చాలాసేపు ఆగాను. ప్లాను రాసే వాళ్లకు కాగితం నింపాలనే ఆత్రం ఉంటుంది. పదింటికి ఇది, పదకొండింటికి అది. ఈ అమ్మాయి సగం కాగితాన్ని ఊహించుకున్న జవాబులకు ఇచ్చి, మిగతా సగాన్ని తను ఊహించలేని మాటల కోసం అట్టిపెట్టింది. ఊహించినవే వస్తే ఆ రోజు ఏమీ నేర్చుకోలేదని తనకు తెలుసు.

ఇక రోజుల వరస. తను ఉప్పు రైతు బిడ్డ. అల్లూరు మండలం ఇసకపల్లిలో సముద్రానికీ ఊరికీ నడుమ ఉప్పు మడులు చూసినవాళ్లకు ఆ పని తెలుసు. కాలవ నీళ్లు నేరుగా తీసుకొచ్చి ఎండబెడితే ఉప్పు కాదు. ముందు పెద్ద మడిలో నిలవబెట్టాలి. ఎండకు కొంత ఇగిరాక రెండో మడికి మళ్లించాలి. అక్కడ ఇంకా చిక్కబడ్డాక ఆఖరి చిన్న మడుల్లోకి వదలాలి. నీటి చిక్కదనం బామే డిగ్రీల్లో కొలుస్తారు. ఇంచుమించు 25 దగ్గర ఉప్పు పలుకు కట్టడం మొదలవుతుంది. 29, 30 దాటనిస్తే చేదు లవణాలు కూడా దిగి ఉప్పు రుచి చెడుతుంది, అందుకని ఆ మిగులునీటిని తీసేస్తారు. ఏ నీటిని ఎప్పుడు ఏ మడికి వదలాలో తెలియడమే ఆ పనిలో నేర్పు.

నోట్‌బుక్‌లో మొదటి మూడు రోజుల పైన "పెద్ద మడి" అని రాసి ఉంది. ఆ మూడు రోజులూ ఎక్కువగా వినడమే. రైలు పెట్టెలో వచ్చే ప్రకటనలు, తర్వాతి స్టేషను పేరు, ఏ వైపు దిగాలి అనే మాట, బేకరీ ముందు వరసలో నిలబడి ముందున్నవాళ్లు ఎట్లా అడుగుతున్నారో వినడం. తను అనాల్సిన వాక్యాలు పొట్టివి: "ఇష్ హెట్టె గెర్న్", అంటే నాకు ఫలానాది కావాలండీ అని. "వీ బిట్టె?", ఏమన్నారండీ అని. నాలుగు నుంచి ఏడో రోజు దాకా "రెండో మడి". అక్కడ దారి అడగడం, స్టాంపు కొనడం, మందుల షాపులో జలుబు సంగతి చెప్పడం, లైబ్రరీలో ఆ ఊరి పాత ఫొటోల పుస్తకం కావాలని అడగడం. ఆఖరి నాలుగు రోజులు "చిన్న మడి". అక్కడ ఒక్కో వాక్యం కాదు, ఒక్కో కథ. పావుగంట ఆగకుండా మాట్లాడాలి. పదో రోజు సాయంత్రం మాత్రం ఏమీ పెట్టలేదు. "చేదు నీళ్లు తీసేసే పూట" అని రాసింది. అలసిపోయిన నోటితో మాట్లాడితే తప్పులే గడ్డకడతాయట. ఏ భాషా బోధకుడూ ఇంతకంటే బాగా చెప్పలేడు.

ఊరు ఎంచుకోవడంలో ఇంకో తెలివి ఉంది. నేను బెర్లిన్ అనుకున్నాను. "ఏంది మామా, అక్కడ నేను జర్మన్‌లో తడబడితే వాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారంట. నాకు మారని ఊరు కావాల" అంది. వెతికి వెతికి హాలే పట్టుకుంది. సాలే నది ఒడ్డున, లైప్‌జిగ్ పక్కన, జాక్సన్-ఆన్‌హాల్ట్ రాష్ట్రంలో ఉండే ఊరు. సంగీతకారుడు హాండెల్ 1685లో పుట్టింది అక్కడే. అమ్మాయి దాన్ని పట్టుకున్నది సంగీతం కోసం కాదు, ఉప్పు కోసం. హాలే ఉప్పు మీద బతికిన ఊరు. ఊరి నడుమ ఉప్పునీటి ఊటలు ఉండేవి. ఆ నీటిని పెద్ద పెనాల్లో పోసి, కింద మంట పెట్టి కాచి ఉప్పు తీసేవాళ్లు. ఆ పనివాళ్లను హలోరెన్ అంటారు. వాళ్లకు తమదైన సంఘం, తమదైన వేషం, ఆచారాలు ఉన్నాయి. ఆ సంఘం ఇప్పటికీ ఉంది.

మనకు ఎండ చేసే పనిని అక్కడ మంట చేసింది. దీని మీదే తొమ్మిదో రోజు కుడిపేజీ కట్టింది. పైన వాక్యం: "బై ఉన్స్ మాఖ్ట్ డీ జొన్నె డాస్ జాల్ట్స్." మా దగ్గర ఉప్పును ఎండే చేస్తుంది అని. అందులో "డీ" అనే చోట ఒక కొట్టివేత ఉంది. ముందు "డేర్" అని రాసింది. అది పుంలింగానికి వచ్చేది. మనకు సూర్యుడు మగవాడు కదా, చెయ్యి అటే పోయింది. జర్మన్‌లో సూర్యుడు ఆడది, చంద్రుడు మగవాడు. కొట్టేసి "డీ" అని రాసి, పక్కన చిన్న అక్షరాల్లో "సూర్యమ్మ" అని పెట్టుకుంది. ఆ ఒక్క మాటతో ఇక ఆ తప్పు తన నోట రాదు. వ్యాకరణ సూత్రాన్ని పిలుపుగా మార్చుకోవడం అంటే ఇదీ.

ప్రశ్నలు మాత్రమే మూటగట్టుకుని పోతే మాట సాగదని తనకు తెలుసు. దారి అడిగితే దారి చెప్తారు, అంతటితో అయిపోతుంది. మనం చెప్పేదేదో ఉంటేనే ఎదుటిమనిషి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. అందుకని ఇసకపల్లి ఉప్పు కొంచెం వెంట తీసుకుపోతోంది. బల్ల మీద పెట్టి, చేతిలో పోసి చూపించి, అక్కడి నుంచి మొదలుపెట్టాలని. దానికి కావాల్సిన మాటలు ఒక పేజీ నిండా ఉన్నాయి: ఉప్పునీరు, మడి, గట్టు, పలుకు, కుప్ప, వాన. అకాల వానకు కుప్ప కరిగిపోతే రైతు ఏమవుతాడో చెప్పడానికి నాలుగు వాక్యాలు. ఆ నాలుగూ కొట్టివేతలు లేకుండా ఉన్నాయి. ఎన్నిసార్లు విడిగా రాసుకుని చూసుకుందో.

గడియారాల పేజీ చూపించకుండా ముందుకు పోలేను. అందులో గుండ్రటి గడియారాలు నాలుగు, గిన్నె మూత బోర్లించి గీసినవి. జర్మన్‌లో "హాల్ప్ డ్రై" అంటే మాటకు మాట "సగం మూడు". మన చెవికి మూడున్నర అనిపిస్తుంది. కానీ అది రెండున్నర. మూడో గంటలో సగం గడిచిందని వాళ్ల లెక్క. హాలే, లైప్‌జిగ్ వైపు ఇంకో అడుగు ముందుకేస్తారు. "ఫియర్టెల్ డ్రై", పావు మూడు అంటే రెండుంపావు. "డ్రైఫియర్టెల్ డ్రై", ముప్పావు మూడు అంటే రెండుముప్పావు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనబడే పద్ధతి ఇది కాదు. ఆ వైపు జనం నోట మాత్రం ఇదే. తను నాలుగు గడియారాల కింద నాలుగు మాటలు రాసి, మూడో గంట ముక్కను పెన్సిలుతో గిన్నెలో నీళ్లు నింపినట్టు పావు, అర, ముప్పావు నింపుకుంటూ పోయింది. నేను ఒక్క చూపులో అర్థం చేసుకున్నాను. ఎవరైనా మూడు గంటల మీద పెట్టి ఏ మాట అన్నా, గిన్నె ఎంత నిండిందో చూసుకుంటే చాలు.

తెలుగువాళ్లకు ఈ భాషలో కలిసొచ్చేవి కూడా ఏరి పెట్టుకుంది. నువ్వు, మీరు తేడా మనకు పుట్టుకతో తెలుసు. వాళ్ల "డూ", "జీ" అట్లాంటివే. "ఎందుకంటే" అనే అర్థమిచ్చే "వైల్" వాక్యంలో వచ్చిందంటే క్రియ చివరికి పోతుంది: "వైల్ ఇష్ ఔస్ నెల్లూరు కొమ్మె". నేను నెల్లూరు నుంచి వచ్చాను గనక. క్రియ కోసం వాక్యం చివరిదాకా ఓపికపట్టడం ఇంగ్లీషు వాళ్లకు కష్టంగానీ మనకు అలవాటే. వంట రాసేటప్పుడు కూడా వాళ్లు వస్తువు ముందు, పని తర్వాత పెడతారు. ఎనిమిదో రోజు తను ఉండే ఇంటి వంటింట్లో నిమ్మకాయ పులిహోర చెయ్యాలని రాసుకుంది. అన్నం వండటం, నిమ్మకాయ పిండటం, తాలింపు వెయ్యడం, అంతా మన వరసలోనే నడిచింది. గూడూరు నిమ్మకాయ దొరకదని మాత్రం పక్కన బాధగా రాసింది.

ఉండటానికి హోటలు పెట్టుకోకుండా ఇంటివాళ్లతో వంటిల్లు పంచుకునే గది చూసుకోవడం కూడా ఈ పనితనంలో భాగమే. హోటల్లో రోజుకు రెండు మాటలు, తాళం ఇవ్వండి, తాళం తీసుకోండి. వంటింట్లో గిన్నె ఎక్కడుందని అడిగితే పది మాటలు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా చప్పుడు చెయ్యకూడదని అక్కడ ఇళ్లల్లో నియమం ఉంటుంది. దాన్ని ఎర్ర సిరాతో రాసుకుంది.

చలికాలాన్నే ఎందుకు ఎంచుకున్నావని అడిగాను. నెల్లూరు 14 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే హాలే 51 దాటి ఉంది. జనవరి మొదట్లో అక్కడ ఎనిమిది దాటితేగానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగుకే పొద్దు వాలిపోతుంది. చూసే ప్రయాణానికి అది నష్టం. మాట్లాడే ప్రయాణానికి అదే లాభం. చలికి జనం లోపల ఉంటారు. బల్లల చుట్టూ, కాఫీ కప్పుల ముందు, తొందరలేకుండా. తను పొద్దు వాలిన తర్వాత గంటలన్నిటినీ లోపలి చోట్లకే కట్టింది. వీధుల్లో తిరగడం పదకొండు నుంచి రెండున్నర దాకానే, అదీ "హాల్ప్ డ్రై" అని రాసి.

తారీకుల మీద చేసిన పని ఒకటి చెప్పితీరాలి. జనవరి 6 ముగ్గురు జ్ఞానుల పండగ. జర్మనీలో మూడే రాష్ట్రాలకు ఆ రోజు సెలవు, వాటిలో హాలే ఉన్న రాష్ట్రం ఒకటి. షాపులన్నీ మూతబడతాయి. పక్కనున్న లైప్‌జిగ్ వేరే రాష్ట్రంలో ఉంది, అక్కడ మామూలు పనిరోజు. ఎస్-బాన్ రైల్లో ముప్పావు గంట కూడా పట్టదు. అమ్మాయి 6వ తేదీని లైప్‌జిగ్‌కు మళ్లించింది. రెండు ఆదివారాలనూ అట్లాగే ముందే మూతబడ్డ రోజులుగా లెక్కవేసి, శనివారం సాయంత్రం సరుకులు కొనే పని పెట్టింది. ఇట్లాంటివి చూసినప్పుడు బాగా కుట్టిన బట్టను తిరగేసి లోపలి కుట్టు చూసినట్టుంటుంది.

లైప్‌జిగ్ పేజీలో నా వాటా కొంత ఉంది. అక్కడి జర్మన్ జాతీయ గ్రంథాలయంలో పుస్తకానికీ లిపికీ ఒక మ్యూజియం ఉంది, 1884లో పెట్టింది. అది చూసిరమ్మన్నాను. హాలేతో మనకు ఉన్న పాత బంధం కూడా నేనే చెప్పాను. తను ఉప్పు వెతుక్కుంటూ పోయి పట్టుకున్న ఊరు తెలుగు అచ్చుకు పుట్టిల్లని అప్పటిదాకా తనకు తెలియదు.

బెంజమిన్ షుల్ట్జే 1689లో పుట్టిన జర్మన్ మిషనరీ. 1719లో తరంగంబాడిలో దిగాడు. 1726లో మద్రాసుకు వచ్చి తెలుగు పట్టుబట్టి నేర్చుకున్నాడు. 1728 నాటికే తెలుగుకు వ్యాకరణం రాసుకున్నాడు. బైబిలును తెలుగులోకి తెచ్చాడు, అది అచ్చు కాలేదు. 1743లో తిరిగిపోయి, 1698లో ఫ్రాంకే పునాది వేసిన హాలే అనాథశరణాలయ సంస్థల్లో చేరాడు. అక్కడ తెలుగు అక్షరాలు పోతపోయించి 1746, 1747 సంవత్సరాల్లో చిన్న పుస్తకాలు అచ్చువేశాడు. తెలుగు అచ్చు అక్షరం మొదట మెరిసింది బెజవాడలోనో మద్రాసులోనో కాదు, సాలే నది ఒడ్డున. తర్వాత 1860ల్లో హెర్మన్స్‌బుర్గ్ మిషన్ జర్మన్‌లు నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు వైపు వచ్చారు. వాళ్లూ తెలుగు నేర్చుకునే పని చేసుకున్నారు. మన తీరానికీ ఆ భాషకూ రాకపోకలు ఉన్నాయి. ఇన్నాళ్లూ నేర్చుకునేందుకు ఇటు వచ్చినవాళ్లు వాళ్లు.

అసలు చెప్పాల్సింది ఇంకొకటి. షుల్ట్జే పుస్తకం ఒకటి 1750లో హాలేలోనే వచ్చింది. మద్రాసు పట్నం గురించి, అక్కడి మనుషుల గురించి ముప్పై సంభాషణలు. మొదట తెలుగులో రాసుకుని ఇంగ్లీషు చేసినవి. ఒక భాషను పట్టుకోవాలంటే ఆ మనుషుల్ని మాట్లాడించాలి, మాటల్ని ప్రశ్నగా జవాబుగా రాసుకోవాలి అని అతనికి తోచింది. ఈ సంగతి విన్నాక అమ్మాయి తన నోట్‌బుక్ వైపు చూసి, "నావి పదకొండే మామా" అంది. ఆ తర్వాత రాత్రి కూర్చుని, ఫ్రాంకే సంస్థల మ్యూజియానికి పోయే రోజు కుడిపేజీ తిరగరాసింది. సోమవారం అది మూత అని చూసుకుని తేదీ మార్చింది. వాక్యం ఇది: మా భాషను మొదట అచ్చువేసింది మీ ఊళ్లో, ఆ పుస్తకం గురించి ఎవరిని అడగాలి? కింద ఊహించిన జవాబులు రాయలేదు. మూడు భాగాల పేజీలో ఆ ఒక్క రోజుకు రెండు భాగాలూ ఖాళీ.

లోపం చెప్పకపోతే పరిచయం కాదు. ఏడో రోజు బరువెక్కువ. పొద్దున సంత, మధ్యాహ్నం లైబ్రరీ, సాయంత్రం మాటల కోసం కూడేవాళ్ల మధ్య కూర్చోవడం. చలిదేశంలో మొదటివారం దాటుతున్న ఒంటికి అది ఎక్కువ. చెప్పాను. ఇంకొకటి, వీసా కాగితాల పేజీ మిగతా పేజీలంత శ్రద్ధగా లేదు. దరఖాస్తు ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు చేరాలి, ఆరు నెలల ముందు నుంచీ ఇవ్వొచ్చు. ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గకూడదు. రుసుము 90 యూరోలు. ఇవన్నీ రాసుంది గానీ ఏ రోజు ఏది చెయ్యాలో రాయలేదు. నా మాట విని ఒక క్యాలెండరు అంటించింది. ఏడో రోజును మాత్రం తగ్గించలేదు. "తగ్గిస్తే భయమేసి తగ్గించినట్టుంటది" అంది. నేను ఇంకేం అనలేదు.

ఎవరైనా తన జర్మన్ విని ఇంగ్లీషులోకి మారితే చూపించడానికి విజిటింగ్ కార్డంత చీటీ ఒకటి అట్టకు లోపలివైపు అంటించుకుంది. నేను నేర్చుకుంటున్నాను, దయచేసి నాతో జర్మన్‌లోనే, మెల్లగా మాట్లాడండి అని. దాని అంచులు అప్పుడే కొంచెం నలిగి ఉన్నాయి. నెల్లూరులో ఎవరికి చూపించిందో తెలియదు. బహుశా అద్దానికి.

మొన్న ఆదివారం నోట్‌బుక్ తిరిగివ్వడానికి ఇసకపల్లి పోయాను. మా బావ కొట్టంలో కూర్చుని ఉప్పు ఏరుతున్నాడు. గోనె నుంచి ఒక పిడికెడు తీసి, పళ్లెంలో పరచి, పలుకు పలుకు చూసి, పొడైపోయినవీ అంచులు విరిగినవీ పక్కకు నెట్టి, నలుచదరంగా గట్టిగా ఉన్నవాటినే చిన్న స్టీలు డబ్బాలో వేస్తున్నాడు. పోయిన వేసవిలో వైశాఖం ఎండలకు కట్టిన ఉప్పట అది. అమ్మాయి డబ్బా మూత మీద కాగితం ముక్క అంటించింది. జర్మన్‌లో "జాల్ట్స్", కింద తెలుగులో ఇసకపల్లి. బావ ఆ పైమాట ఎట్లా పలకాలని అడిగాడు. తను చెప్పింది. ఆయన రెండుసార్లు అని చూసి, ఇంకో పలుకు డబ్బాలో వేశాడు.